రేడియోహెడ్ రెండో ఆల్బమ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ 1995 మార్చిలో తెచ్చిన రెండో ఆల్బమ్ ‘ది బెండ్స్’ మీద ఈసారి ఉత్తరాలు గుట్టగా వచ్చాయి. ఒకే సందేహం నలుగురు అడిగిన చోట కలిపేశాం. గిటార్ చేతిలో పెట్టుకుని అడిగినవాళ్లకు కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న (హనుమకొండ): ‘క్రీప్’ పాట నచ్చి మొదటి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ మొత్తం విన్నాను. వెంటనే ‘ది బెండ్స్’ పెడితే ఇది ఇంకో బ్యాండేమో అనిపించింది. మనుషులు మారారా? మధ్యలో ఏం జరిగింది?

మనుషులు మారలేదు. పాడుతూ గిటార్ వాయించే థామ్ యార్క్, మిగతా రెండు గిటార్లు జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఒబ్రయన్, బేస్ మీద జానీ అన్న కోలిన్, డ్రమ్స్ మీద ఫిలిప్ సెల్వే. ఈ ఐదుగురూ ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒకే బడిలో చదివినప్పటి నుంచి కలిసే ఉన్నారు.

‘పాబ్లో హనీ’ని 1992లో చిపింగ్ నార్టన్ స్టూడియోలో మూడు వారాల్లో ముగించారు. ప్రొడ్యూసర్లు షాన్ స్లేడ్, పాల్ కోల్డెరీ అనే అమెరికన్లు. మూడు వారాలంటే స్టేజి మీద వాయించేది వాయించినట్టు పట్టడానికే సరిపోతుంది. అందుకే అందులో చాలాచోట్ల మూడు గిటార్లూ ఒకే కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాల గుత్తిని), ఒకేసారి, ఒకే జోరులో వాయిస్తుంటాయి. ‘క్రీప్’ 1992లో బ్రిటన్ చార్టులో 78 దగ్గర ఆగిపోయింది. బయటి దేశాల్లో మోగాక 1993లో మళ్లీ విడుదల చేస్తే 7వ స్థానానికి ఎక్కింది. అక్కడి నుంచి ఏ ఊరెళ్లినా జనం ఆ ఒక్క పాటే అడగడం, వీళ్లకు అదంటేనే మొహం మొత్తడం.

1994 ఫిబ్రవరిలో లండన్ ఆర్‌ఏకే స్టూడియోలో రెండో ఆల్బమ్ మొదలైంది. ప్రొడ్యూసర్ జాన్ లెకీ. కుర్రతనంలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో టేప్ ఆపరేటర్‌గా చేరి, 1989లో ‘ది స్టోన్ రోజెస్’ ఆల్బమ్ చేసిన మనిషి. అక్టోబర్ కల్లా ఆల్బమ్ బయటికి రావాలని ఈఎంఐ కంపెనీ గడువు పెట్టింది. అంతకంటే పెద్ద చిక్కు, ముందు ఒక సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) తేల్చమంది. దాంతో ‘ది బెండ్స్’, ‘జస్ట్’, ‘నైస్ డ్రీమ్’, ‘సల్క్’ అనే నాలుగు పాటల చుట్టూనే గానుగెద్దులా తిరిగారు. హిట్ కావాలని ముందే అనుకుని వాయిస్తే ప్రతి టేకూ పరీక్షే అవుతుంది. చివరికి పని ఆపి టూర్‌కు వెళ్లారు. రాత్రికో ఊళ్లో జనం ముందు కొత్త పాటలు వాయించాక, ఏది పనికొస్తుందో ఏది బరువో వాళ్లకే తెలిసిపోయింది. తిరిగొచ్చి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేనర్ స్టూడియోలో రెండు వారాల్లో చాలా పని లాగించారు. మిగిలింది ఆబీ రోడ్‌లో పూర్తయింది. మిక్సింగ్‌లో ఎక్కువ భాగం మళ్లీ ఆ అమెరికన్ జంటకే వెళ్లింది. అంటే మొదటి ఆల్బమ్ చేసిన చెవులే దీన్నీ మిక్స్ చేశాయి. అయినా తేడా ఇంత ఉందంటే అది మిక్సింగ్‌లో పుట్టింది కాదు. ఎవరెప్పుడు వాయించకుండా ఊరుకోవాలో ఈ ఐదుగురూ నేర్చుకున్నారు. మా లెక్కలో ఈ ఆల్బమ్‌లోని అసలు మార్పు అదే. కొత్త పెడల్స్ (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పెట్టెలు) దాని తర్వాతే.

ప్రశ్న (విజయవాడ, కాలేజీ బ్యాండ్): మా బ్యాండ్‌లోనూ ముగ్గురు గిటారిస్టులం. ‘ది బెండ్స్’ పాటలు సాధన చేస్తున్నాం. ఒక్కొక్కరం వాయిస్తే బాగుంటుంది, ముగ్గురం కలిస్తే ముద్ద ముద్దగా వినిపిస్తోంది. ఆంప్స్ (గిటార్ ఆంప్లిఫయర్లు) మార్చాలా?

ఆంప్స్ జోలికి పోకండి. ముందు ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’ను హెడ్‌ఫోన్స్‌లో పెట్టి, ఎలక్ట్రిక్ గిటార్లు గట్టిగా వినిపించేది ఎంతసేపో చూడండి. పాట మొదలయ్యేది అకూస్టిక్ గిటార్, గొంతుతోనే. తర్వాత ఆర్గన్, తంత్రీవాద్యాలు మెల్లగా చేరతాయి. గిటార్ల మోత పాట సగం దాటాక వచ్చి, కాసేపు ఊపేసి, వెళ్లిపోతుంది. ‘స్ట్రీట్ స్పిరిట్’లో మొదటి నుంచి చివరిదాకా ఒకే ఆర్పెజియో (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం) నడుస్తుంది. దాని మీద మిగతావాళ్లు వేసేది చాలా కొద్ది.

మీరు చేయాల్సిన మొదటి పని కాగితం మీద. పాటలోని చరణం, పల్లవి, బ్రిడ్జ్ అడ్డంగా, ముగ్గురి పేర్లు నిలువుగా రాసి గళ్లు గీయండి. ప్రతి చరణంలో కనీసం ఒకరి గడి ఖాళీగా ఉండాలి. ఖాళీ అంటే ఖాళీయే, ‘మెల్లగా వాయిస్తాను’ అనే బేరం లేదు. చాలా బ్యాండ్లలో గొడవలు ఇక్కడే మొదలవుతాయి. అవి రిహార్సల్ గదిలోనే జరిగిపోవడం మంచిది.

తర్వాత చోటు పంచుకోండి. ఒకరు 5వ ఫ్రెట్ లోపల నిండు కార్డ్స్ వాయించాలి. రెండోవారు 5వ ఫ్రెట్ నుంచి పైకి, సన్న తీగలు మూడింటి మీదే ఉండాలి. ఉదాహరణకు మొదటి గిటార్ జీ, సీ, డీ మేజర్ కార్డ్స్ వాయిస్తుంటే రెండోది మూడో తీగ నుంచి ఒకటో తీగ వరకు వరసగా జీకి 7-8-7, సీకి 9-8-8, డీకి 7-7-5 పట్టుకుంటే చాలు. కార్డ్ అదే, ఎత్తు వేరు, చెయ్యి ఎక్కువ జరగదు. మూడోవారికి అసలు కార్డ్ ఇవ్వకండి. ఒకే స్వరాన్ని ఎకోలో తేలనివ్వడమో, వాల్యూమ్ నాబ్‌తో సున్నా నుంచి ధ్వనిని పైకి తేవడమో, పల్లవికి ముందు చప్పుడు చేయడమో వాళ్ల పని. ‘క్రీప్’లో పల్లవి ముందు జానీ కొట్టే ఆ ‘గ్రక్’ దెబ్బలు ఇలాంటివే. ఎడమచేత్తో తీగలన్నీ మూసి, కుడిచేత్తో బలంగా కొడితే వచ్చేది. స్వరం లేదు, అయినా పాటలో అందరికీ గుర్తుండిపోయింది అదే.

ఇక డిస్టార్షన్, అంటే ధ్వనిని కావాలనే గరుకు చేయడం. అది ఎంతో తేల్చేది గెయిన్ నాబ్. ఒంటరిగా సాధన చేసేటప్పుడు కమ్మగా ఉండే గెయిన్, మూడు గిటార్లు కలిసినప్పుడు మూడింతలై మీద పడుతుంది. ఎవరి గెయిన్ వాళ్లు మూడో వంతు తగ్గించండి, బేస్ నాబ్‌ను సగం కిందికి దించండి. ఒంటరిగా వింటే పలచగా అనిపిస్తుంది, భయపడకండి. ముద్దతనం పుట్టేది 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య. గిటార్ల అడుగు స్వరాలు, బేస్ గిటార్, ఫ్లోర్ టామ్, మగ గొంతు అన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. రికార్డ్ చేస్తుంటే మూడు గిటార్లకూ 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకు కిందివాటిని ఆపేది) పెట్టి, నిండు కార్డ్స్ వాయించే గిటార్‌కు 300 దగ్గర 2 నుంచి 3 డెసిబెల్స్ కోయండి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, మూడోది నడిమికి కొంచెం పక్కగా. ఇంకోటి: ఆంప్‌ను నేల మీద పెట్టి ఎదురుగా నిలబడితే మోత మోకాళ్లకు తగులుతుంది, చెవికి అందదు. దాంతో ప్రతి ఒక్కరూ వాల్యూమ్ పెంచుతూ పోతారు. ఆంప్ ముందు అంచు కింద ఇటుక పెట్టి మొహానికేసి వంచితే సగం యుద్ధం ఆగుతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): ‘మై ఐరన్ లంగ్’ మొదట్లో వచ్చే ఆ పిచ్చి గిటార్ ధ్వని ఎలా తీశారు? నా మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లో ఆక్టేవ్ (స్వరాన్ని ఒక స్థాయి మార్చేది) పెట్టినా రావడం లేదు. ఆ పాట వెనక కథ కూడా చెప్పండి.

కథ ముందు. ఐరన్ లంగ్ అంటే పోలియో రోజుల్లో ఊపిరాడని రోగిని లోపల పడుకోబెట్టే ఇనుప గొట్టం. బతికించేదీ అదే, కదలనివ్వనిదీ అదే. థామ్ ఆ మాట వాడింది ‘క్రీప్’ గురించి. ఈ పాట వాద్యభాగం స్టూడియోలో పుట్టలేదు. 1994 మే 27న లండన్ ఆస్టోరియాలో జరిగిన కచేరీ రికార్డింగ్‌నే తీసుకుని, జనం అరుపులు తీసేసి, గొంతు మాత్రం కొత్తగా పాడించారు. స్టూడియోలో నెలల తరబడి కుదరనిది స్టేజి మీద ఒక్క రాత్రిలో కుదరడం గమనించండి.

ధ్వని విషయానికొస్తే, జానీ చేతిలో ఫెండర్ టెలికాస్టర్ ప్లస్ గిటార్, కాలి కింద స్వరం ఎత్తు మార్చే డిజిటెక్ వామీ పెడల్, భారీ భాగాలకు మార్షల్ ష్రెడ్‌మాస్టర్ డిస్టార్షన్ పెడల్. క్లీన్ ధ్వనికి వాక్స్ ఏసీ30 ఆంప్, డిస్టార్షన్‌కు ఫెండర్ ఎయిటీ-ఫైవ్. ఈ చివరిది వాల్వులు (అంటే ట్యూబ్‌లు) లేని ట్రాన్సిస్టర్ ఆంప్. ట్యూబ్ ఆంప్ లేదని నిరాశపడే కుర్రాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

వామీని ఒక ఆక్టేవ్ పైకి పెట్టి, మునివేళ్లతో పెడల్‌ను పూర్తిగా కిందికి తొక్కి రిఫ్ వాయించాలి. మీ మల్టీ ఎఫెక్ట్స్‌లో రాకపోవడానికి కారణం అది మరీ మంచిది కావడమే. పాత వామీ ఒకసారికి ఒక స్వరాన్నే సరిగ్గా పట్టుకోగలదు. రెండు తీగలు కలిసి మోగితే తికమకపడి వణుకుతుంది, గొంతు పగులుతుంది. ఆ పగులే మీకు కావలసింది. ఇప్పటి యంత్రాలు కార్డ్ మొత్తాన్ని శుభ్రంగా పైకెత్తేస్తాయి. మీ దాంట్లో ‘మోనో’ లాంటి ఎంపిక ఉంటే పెట్టండి. 5వ తరం వామీ అయితే చిన్న స్విచ్‌ను ‘కార్డ్స్’ నుంచి ‘క్లాసిక్’కు మార్చండి. అసలు ధ్వని కలవకుండా ఎఫెక్ట్ ధ్వని నూటికి నూరు పాళ్లు ఉండాలి. ఆ మిక్స్ సగంలో ఉంటే మీరన్న ‘రావడం లేదు’ వస్తుంది.

వరస ఇలా: గిటార్, వామీ, డిస్టార్షన్, ఆంప్. డిస్టార్షన్ ముందుంటే వామీకి అందేది గజిబిజి. ఏ స్వరమో దానికి అర్థం కాక ఉత్త రొద చేస్తుంది. పికప్ సెలెక్టర్ బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) వైపు, పిక్ కూడా బ్రిడ్జ్‌కు దగ్గరగా. ష్రెడ్‌మాస్టర్‌కు ఐదు నాబ్స్: గెయిన్, బేస్, కాంటూర్, ట్రెబుల్, వాల్యూమ్. గెయిన్ ముప్పావు, బేస్ సగానికి తక్కువ, ట్రెబుల్ సగానికి కొంచెం ఎక్కువతో మొదలుపెట్టండి. కాంటూర్ జాగ్రత్త. అది మధ్య ఫ్రీక్వెన్సీలను తినేస్తుంది. గదిలో గంభీరంగా ఉండి, డ్రమ్స్ మొదలవగానే గిటార్ మాయమవుతుంది. సగం దాటించకండి. ఈ పెడల్ తయారీ చాలా ఏళ్ల కిందట ఆపేసిన మార్షల్, 2023లో మళ్లీ విడుదల చేసింది.

శ్రుతి కలవడం లేదనిపిస్తే ట్యూనర్‌ను వామీ తర్వాత పెట్టి ఐదో తీగ మీటండి. మామూలుగా 110 హెర్ట్జ్, పెడల్ పూర్తిగా తొక్కితే సరిగ్గా 220 చూపాలి. అంతకు తగ్గితే మీ కాలు పూర్తిగా తొక్కడం లేదు, లేదా పెడల్ కాలిబ్రేషన్ తప్పింది.

ప్రశ్న (రాజమహేంద్రవరం): కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. ‘క్రీప్’లో ఆ దిగులు ఏ స్వరం వల్ల వస్తోంది? రెండో ఆల్బమ్‌లో ‘జస్ట్’ వింటే స్వరాలు మెట్లెక్కుతూనే ఉంటాయి, ఆగవు. అది ఏ రాగానికి దగ్గర?

‘క్రీప్’ మొత్తం నాలుగు కార్డ్సే: జీ, బీ, సీ మేజర్లు, చివర సీ మైనర్. ఒక్కోటి రెండు బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత), మొదటి నుంచి చివరిదాకా మార్పు లేకుండా తిరుగుతాయి. జీని షడ్జం అనుకోండి. మొదటి కార్డ్‌లో పంచమం ఉంది. బీలో శుద్ధ ధైవతం, సీలో చతుశ్రుతి ధైవతం, సీ మైనర్‌లో మళ్లీ శుద్ధ ధైవతం, తిరిగి జీకి రాగానే పంచమం. అంటే ప, ద1, ద2, ద1, ప. ఆశగా రెండు మెట్లెక్కి, అవే మెట్లు దిగడం. దిగులు ఆ దిగేటప్పటి ద1లో ఉంది. ఒక్కో స్వరాన్ని రెండు బార్లు గమకం లేకుండా నిలువుగా పట్టండి, రికార్డింగ్‌తో చక్కగా కలుస్తుంది. ఈ కార్డ్స్ నడక ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీద్’ పాటకు దగ్గరగా ఉండడంతో, ఆ పాట రాసిన ఆల్బర్ట్ హేమండ్, మైక్ హేజిల్‌వుడ్ పేర్లు కూడా ‘క్రీప్’ రచయితల్లో చేరాయి.

‘జస్ట్’ దీనికి పూర్తి ఎదురు. పాటలో ఎన్ని కార్డ్స్ ఇరికించగలమా అని థామ్, జానీ పోటీపడి చేసింది. ఆ మెట్లెక్కే భాగం ఆక్టటానిక్ స్కేల్: అరస్వరం, పూర్తిస్వరం, అరస్వరం, పూర్తిస్వరం అంటూ మారుతూ పోయేది. ఆక్టేవ్‌కు ఎనిమిది స్వరాలు. మేళకర్తకు ఏడే కాబట్టి 72 మేళకర్తల్లో ఎక్కడా దొరకదు. దూరాలన్నీ ఒకే లెక్కలో తిరుగుతుంటే చెవికి ఏది ఆధార షడ్జమో తేలదు. మీకు ఆగనట్టు అనిపించింది అందుకే. వయొలిన్ మీద సాధనకు స నుంచి మొదలుపెట్టి 1, 2, 1, 2 అరస్వరాల దూరంతో ఎక్కండి. ఎనిమిదో అడుగుకు పై షడ్జం రావాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో అలవాటుకొద్దీ వేలు తెలిసిన రాగంలోకి జారిందన్నమాట.

ప్రశ్న (కడప): గిటార్ కొత్తగా పట్టాను. ఈ ఆల్బమ్‌లో నాకు లొంగే పాట ఏది?

‘హై అండ్ డ్రై’. చరణానికి మూడు పట్లు చాలు. లావు తీగ నుంచి సన్న తీగకు: 2-4-4-2-0-0, ఆ తర్వాత లావు తీగ వదిలేసి 0-2-2-0-0, ఆపైన 0-2-2-1-0-0. ఒకటి, రెండు తీగలు మూడు పట్లలోనూ ఖాళీగానే మోగుతుంటాయి, పాట మెరుపంతా వాటిదే. మొదటి పట్టులో చూపుడువేలు లావు తీగతో పాటు మూడో తీగనూ నొక్కాలి, ఒకటి, రెండు తీగలను తాకకూడదు. కష్టమంతా ఆ ఒక్కచోటే. ఇది 1993లో డెమోగా రికార్డ్ చేసి పక్కన పడేసిన పాట. ఆ డెమోనే ఆల్బమ్‌లోకి ఎక్కింది.

ప్రశ్న (డల్లాస్): ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’ను ఇంట్లో రికార్డ్ చేస్తున్నాం. గిటార్, పాట బాగా కుదిరాయి. డ్రమ్స్ కలిపితే అంతా జారిపోతోంది. క్లిక్ (తాళం చూపే టకటక చప్పుడు) పెట్టి మళ్లీ పాడాలా?

వద్దు. అసలు రికార్డింగ్‌లో జరిగింది మీరు చేసిందే. ఆ రోజుల్లో అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ కచేరీ చూసి వచ్చిన థామ్ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడాడు, మిగతా వాద్యాలను ఆ టేక్ మీద కట్టారు. కెరోలిన్ లవేల్ సెల్లో, జాన్ మథియాస్ వయోలా, వయొలిన్ కూడా అలా చేరినవే. అందుకే లయ గొంతును అనుసరిస్తుంది, గొంతు లయను కాదు.

మీ టేక్‌ను అలాగే ఉంచి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బార్ మొదటి దెబ్బ దగ్గర టెంపో మార్కర్ పెట్టుకుంటూ పోండి. నాలుగైదు నిమిషాల పాటకు విసుగు పుట్టే పనే. అడ్డదారిగా నాలుగు బార్లకొకటి పెడితే మధ్యలో మళ్లీ జారుతుంది. అప్పుడు క్లిక్ మీ పాటతో పాటే ఊపిరి పీలుస్తుంది. డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఎక్కువ, క్లిక్ తక్కువ ఇవ్వండి. డ్రమ్మర్ మొదలుపెట్టే చోటుకు ముందు రెండు బార్ల లెక్క వినిపించాలి. మొదటి టేక్‌లో పాట మొదలయ్యే ముందు నాలుగు చప్పట్లు కొట్టి ఉంటే ఈ పని తేలికయ్యేది, ఇకపై అలవాటు చేసుకోండి. ఇంత చేసినా పొసగకపోతే తప్పు డ్రమ్మర్‌ది కాకపోవచ్చు. మీ గిటార్ చెయ్యి బార్ మధ్యలో తడబడుతోందేమో చూడండి. బార్ల మధ్య సాగడం అందం, బార్ లోపల తడబాటు మాత్రం ఏ మార్కర్‌కూ లొంగదు.

ప్రశ్న (నిజామాబాద్): ఆల్బమ్ పేరుకు అర్థమేమిటి? అట్ట మీద ఉన్నది మనిషేనా?

సముద్రం అడుగు నుంచి డైవర్ మరీ వేగంగా పైకొస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఆ జబ్బును ఇంగ్లిష్‌లో బెండ్స్ అంటారు. తొందరగా పైకొచ్చినవాళ్లు పెట్టుకున్న పేరు. అట్ట మీదున్నది గుండె ఆగినవారికి ప్రాణం పోయడం నేర్పే ఆసుపత్రి బొమ్మ. స్టాన్లీ డాన్‌వుడ్, థామ్ కలిసి చేసిన అట్ట.

ప్రశ్న (తిరుపతి): నైజెల్ గాడ్రిచ్ పేరు ఈ బ్యాండ్‌తో ఎప్పటినుంచి ముడిపడింది? జానీ మన దేశంలో రికార్డ్ చేశాడంటారు, నిజమా?

ఈ ఆల్బమ్ నుంచే. ఆర్‌ఏకేలో గాడ్రిచ్ ఇంజనీర్. లెకీ ఒక పెళ్లికి వెళ్లిన సమయంలో బ్యాండ్‌తో కలిసి ‘బ్లాక్ స్టార్’ రికార్డ్ చేశాడు. 1995 సెప్టెంబర్‌లో ‘హెల్ప్’ అనే సహాయ ఆల్బమ్ కోసం ‘లక్కీ’ పాటను కొద్ది గంటల్లో ముగించింది కూడా అతనితోనే. 1997 నాటి ‘ఓకే కంప్యూటర్’కు దారి అక్కడే పడింది. రెండోదీ నిజమే. షై బెన్ జూర్, రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ కళాకారులతో జానీ చేసిన ‘జునూన్’ జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటలో రికార్డయి 2015లో వచ్చింది. రికార్డ్ చేసింది మళ్లీ గాడ్రిచ్చే.

ప్రశ్న (హైదరాబాద్): అమెరికా నుంచి బంధువు పాత వామీ తెచ్చిచ్చాడు. మామూలు 9 వోల్ట్ పెడల్ అడాప్టర్ పెడితే వెలగడం లేదు. పాడైందా?

పాడై ఉండకపోవచ్చు. పాత వామీలు, 4వ తరంతో సహా, 9 వోల్ట్ ఏసీ కోరతాయి. మీరు పెట్టింది డీసీ. 5వ తరానికి డీసీ సరే, కానీ పెడల్‌బోర్డ్‌లోని మామూలు 100 మిల్లీఆంప్ సాకెట్ దానికి చాలదు, మిణుకు మిణుకుమని ఆరిపోతుంది. జాక్ పక్కన అచ్చయిన వోల్టేజీ, ఏసీయో డీసీయో, ఎన్ని మిల్లీఆంప్సో చదివి అంతకు తగ్గని అడాప్టర్ కొనండి.

పెడల్‌తో వచ్చిన అమెరికన్ అడాప్టర్‌ను మాత్రం నేరుగా మన గోడకు పెట్టకండి. దాని మీద 120 వోల్ట్స్ అని ఉంటే మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కాలిపోతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోయడం కన్నా 230 నుంచి 9 వోల్ట్ ఏసీ ఇచ్చే అడాప్టర్ కొనడం నయం. కొన్నాక మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూడండి. లోడ్ లేనప్పుడు 10, 11 చూపినా కంగారు అక్కర్లేదు. ఆ అడాప్టర్ పిన్‌కు రంగు టేపు చుట్టి విడిగా ఉంచండి. పొరపాటున పక్కనున్న డిస్టార్షన్ పెడల్‌లో గుచ్చితే ఆ పెడల్ కాలిపోవచ్చు.